గాల్వోనా, మెమ్స్ అద్దమా, డీఎండీనా? లేజర్‌ని తిప్పడానికి ఏది మేలు

ఫైనలియర్ ప్రాజెక్టుల సీజన్ మొదలైందంటే చాలు, ఘట్‌కేసర్ వైపు కాలేజీల నుంచి, ఇబ్రహీంపట్నం వైపు కాలేజీల నుంచి ఒకటే ప్రశ్న: "అన్నా, లేజర్‌ని అటూ ఇటూ తిప్పాలె. మెమ్స్ మిర్రర్ తీసుకోవాల్నా, గాల్వో తీసుకోవాల్నా, పాత ప్రొజెక్టర్‌లకెల్లి డీఎండీ చిప్ పీకి వాడితే నడవదా?" చర్లపల్లిలో లేజర్ మెషిన్ల పని చూస్తాను కాబట్టి నా దగ్గరికి వస్తారు. జవాబు ముందే చెప్పేస్తాను. ఈ మూడింట్లో డీఎండీ, అంటే ప్రొజెక్టర్లలో ఉండే లక్షల బుల్లి అద్దాల చిప్, అసలు ఈ పోటీలోనే లేదు, దాని పని వేరు. మిగిలిన రెండింట్లో, అడిగేవాళ్లలో ఎక్కువమందికి గాల్వోనే సరిపోతుంది. మెమ్స్ అద్దం గొప్ప వస్తువే, కానీ దాన్ని కోరుకునేవాళ్లలో చాలామంది అది చిన్నగా ఉంటుందని, కొత్తదని కోరుకుంటారు తప్ప తమ పనికి ఎంత అద్దం కావాలో లెక్క వేసుకోరు.

గాల్వో అంటే ఒక చిన్న మోటారు, దాని షాఫ్ట్ చివర అతికించిన అద్దం ముక్క, షాఫ్ట్ ఎంత తిరిగిందో ఎప్పటికప్పుడు చెప్పే సెన్సర్. ఈ మోటారు ఫ్యాన్‌లా గిర్రున తిరగదు, కొన్ని డిగ్రీలు అటు, కొన్ని డిగ్రీలు ఇటు, అంతే. అడ్డంగా తిప్పడానికి ఒకటి, నిలువుగా తిప్పడానికి ఇంకొకటి. హైదరాబాద్‌లో ఉంటూ దీని పని చూడనివాళ్లు తక్కువే, చూశామని తెలియదంతే. లేజర్ షోలో నీటి తెర మీద బొమ్మలు గీసేది ఇదే. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ అమ్మాలంటే దాని మీద అంకెలు, అక్షరాలు కలిసి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్) ఉండి తీరాలి కదా, ఆ అక్షరాలను అంత చిన్నగా చెక్కే ఫైబర్ లేజర్ మార్కింగ్ మెషిన్ తలలో ఉండేదీ ఇదే. కంటి ఆసుపత్రిలో గడ్డం ఆనించి కూర్చోబెట్టి రెటీనాను పొరలు పొరలుగా ఫొటో తీసే ఓసీటీ మెషిన్‌లో కాంతిని తిప్పేది కూడా చాలావరకు గాల్వోనే.

మెమ్స్ అద్దం సంగతి వేరు. కంప్యూటర్ చిప్ తయారుచేసే పద్ధతిలోనే సిలికాన్ వేఫర్‌ని చెక్కి, మధ్యలో ఒక పలక, దానికి అటూ ఇటూ వెంట్రుకంత సన్నని కడ్డీలు మిగిలేట్టు చేస్తారు. పలక మీద బంగారం పూతో అల్యూమినియం పూతో వేస్తే అదే అద్దం. తిరగాల్సి వచ్చినప్పుడు ఆ కడ్డీలే మెలిపడతాయి, వోల్టేజీ తీసేస్తే తిరిగి వచ్చేస్తాయి. 1980లో ఐబీఎంలో కర్ట్ పీటర్సన్ ఇలాంటి సిలికాన్ స్కానింగ్ అద్దాన్ని వివరిస్తూ పేపర్ రాశాడు, ఇప్పటి డిజైన్లకు మూలం చాలావరకు అక్కడే ఉంది. బేరింగ్ లేదు, గ్రీజు లేదు, అరిగేది ఏదీ లేదు. ఒకే స్ఫటికంగా ఉన్న సిలికాన్ ఇనుప తీగలా మెలిపడీ మెలిపడీ అలిసిపోదు, అందుకే హద్దుల్లో వాడినంతకాలం కోట్ల కోట్ల సార్లు ఊగినా చెక్కుచెదరదు.

దీన్ని కదిలించడానికి నాలుగు దారులున్నాయి: స్థిర విద్యుత్తు, అయస్కాంతం, పీజో (వోల్టేజీ ఇస్తే సాగి కుంచించుకునే పదార్థం), వేడి. మార్కెట్లో ఎక్కువ కనిపించే స్థిర విద్యుత్తు రకానికి పదుల వోల్టులు, ఒక్కోసారి వంద దాటి కావాలి, కానీ కరెంటు దాదాపు సున్నా. రెండు గాల్వోలు వేడెక్కుతూ వాట్లకు వాట్లు తాగే చోట ఇది మిల్లీవాట్లతో బతుకుతుంది. అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. అద్దం కింద సాదా పలక పెట్టి లాగే డిజైన్ అయితే, మధ్యనున్న ఖాళీలో సగం కూడా దాటకముందే స్ప్రింగులా పనిచేసే ఆ కడ్డీలు చేతులెత్తేస్తాయి, అద్దం టప్పున కింది పలకకు అంటుకుపోతుంది. దువ్వెన పళ్లలా ఒకదాంట్లో ఒకటి దూరే డిజైన్లు వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది.

ఇంకో తేడా, చాలామంది ఆర్డర్ పెట్టాక గమనించేది. మెమ్స్ అద్దాల్లో రెండు జాతులున్నాయి. ఒకటి రెజొనెన్స్‌లో ఊగేది. ఉయ్యాలను దాని లయలోనే తోస్తే చిన్న తోపుకే ఎంత ఎత్తు పోతుందో అలా, తక్కువ వోల్టేజీకే పెద్ద కోణం వస్తుంది, సెకనుకు వేలసార్లు, పదివేలసార్లు ఊగుతుంది. కానీ మధ్యలో ఫలానా చోట ఆగమంటే ఆగదు. రెండోది చెప్పిన కోణానికి వెళ్లి అక్కడే నిలబడేది, ఇది నెమ్మది. మీ పని తెరంతా గీతలు గీతలుగా నింపడమైతే మొదటిది చాలు. ఒక వస్తువును వెంటాడాలన్నా, నచ్చిన చోట చుక్క పెట్టాలన్నా రెండోదే కావాలి. గాల్వోకి ఈ గొడవ లేదు, తిరగమంటే తిరుగుతుంది, ఆగమంటే ఆగుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. స్పెక్ షీట్ తెరవగానే అందరి కళ్లూ ఫ్రీక్వెన్సీ మీదికే పోతాయి. నేనైతే ముందు అద్దం వ్యాసం చూస్తాను, తర్వాత కోణం చూస్తాను, ఆ రెండిటినీ గుణిస్తాను. ఎందుకంటే కాంతి ఎంత చిన్న రంధ్రంలోంచి వస్తే అంత విచ్చుకుంటుంది, దీన్ని ఏ కంపెనీ తప్పించలేదు. ఒక మిల్లీమీటరు అద్దం తీసుకుందాం. అది అటు 5 డిగ్రీలు, ఇటు 5 డిగ్రీలు తిరిగితే కాంతి రెట్టింపు తిరుగుతుంది కాబట్టి మొత్తం 20 డిగ్రీలు, అంటే 0.35 రేడియన్లు. దాన్ని ఒక మిల్లీమీటరుతో గుణించి, 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ తరంగదైర్ఘ్యంతో భాగిస్తే 540 దగ్గర వస్తుంది. అంటే ఆ అద్దం ఒక గీతలో విడివిడిగా చూపగలిగే చుక్కలు సుమారు ఐదు వందలు. ఎంత ఖరీదైన లెన్స్ తెచ్చినా అంతే, లెన్స్‌తో కోణం పెంచితే కిరణం సన్నబడి ఆ మేరకు విచ్చుకుంటుంది, చుక్కల లెక్క మారదు. అదే కోణం తిరిగే 10 మిల్లీమీటర్ల గాల్వో అద్దానికి ఐదు వేలు దాటుతాయి.

మరి మెమ్స్ అద్దాన్నే పెద్దది చేయొచ్చుగా అంటారు. చేయొచ్చు, చేస్తున్నారు కూడా, కానీ మందం మార్చకుండా వ్యాసం రెట్టింపు చేస్తే జడత్వ భ్రామకం, అంటే తిరగడానికి అద్దం చేసే మొండితనం, 16 రెట్లవుతుంది. అవే కడ్డీలైతే ఫ్రీక్వెన్సీ నాలుగో వంతుకు పడిపోతుంది. పలుచగా వదిలేస్తే ఊగేటప్పుడు అద్దమే వంగి చుక్క చెదురుతుంది, అందుకని మందం కూడా రెట్టింపు చేస్తే 32 రెట్లు. ఇక్కడే మెమ్స్ వేగం గురించి చెప్పే గొప్పలన్నీ కరిగిపోతాయి.

లైడార్ (లేజర్ కాంతి పంపి, తిరిగొచ్చినదాన్ని బట్టి దూరం కొలిచే పరికరం) చేద్దామనుకునే పిల్లలకు ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. కందిలో ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో డ్రైవర్ లేని బండ్ల కోసం తిహాన్ టెస్ట్‌బెడ్ పెట్టారు కదా, అప్పటి నుంచి ఈ మోజు బాగా పెరిగింది. లైడార్‌లో కాంతిని పంపడం సగం పనే. అవతల గోడకు తగిలి తిరిగొచ్చే కాస్త కాంతినీ పట్టుకోవాలి. అదే అద్దం మీదుగా పట్టుకునే డిజైన్ అయితే దొరికే కాంతి వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే 10 మిల్లీమీటర్ల అద్దం 2 మిల్లీమీటర్ల దానికంటే 25 రెట్లు పోగేస్తుంది. అలా కాకుండా పక్కన విడిగా పెద్ద లెన్స్ పెడితే అది ఎప్పుడూ మొత్తం దృశ్యాన్నీ చూస్తుంటుంది, మన మే నెల ఎండంతా డిటెక్టర్‌లోకి వచ్చి పడుతుంది. పెద్ద కంపెనీలు డిటెక్టర్‌ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి దీన్ని దాటుతాయి. కాలేజీ బడ్జెట్‌లో అది టెన్షనే.

పవర్ విషయం త్వరగా తేల్చేస్తాను. 20 వాట్ల ఫైబర్ లేజర్‌కి మామూలు మెమ్స్ అద్దం వద్దే వద్దు. పలక పలుచన, వేడి బయటికి పోయే దారి ఆ సన్నని కడ్డీలే. పూత మీ లేజర్ రంగుకు సరిపోతుందో లేదో కూడా చూసుకోండి. బంగారం పూత ఇన్‌ఫ్రారెడ్‌కి అద్భుతం, నీలి లేజర్‌లో మాత్రం సగం కూడా వెనక్కి పంపదు, మిగతాదంతా అద్దాన్నే కాలుస్తుంది. బంగారమైతే ఎక్కడైనా మంచిదే అనుకోవడం సికింద్రాబాద్ పాట్ మార్కెట్ నగల కొట్ల వరకే.

దుమ్ము సంగతికొస్తే, గాల్వో అద్దాన్ని లెన్స్ టిష్యూ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జాగ్రత్తగా తుడుచుకోవచ్చు. మెమ్స్ అద్దాన్ని తాకారా, పోయినట్టే. అందుకే గాజు మూత ఉన్న ప్యాకేజీయే కొనండి. కుదుపుల విషయంలో మాత్రం మెమ్స్‌దే పైచేయి, బరువు లేదు కాబట్టి ఆటోలో కట్టుకుని సిటీ అంతా తిరిగినా పెద్దగా పట్టించుకోదు. దానికి ఇంకో సుగుణం ఉంది. ఒకే అద్దం రెండు దిక్కులకూ తిరుగుతుంది. గాల్వోలో రెండు అద్దాలు రెండు చోట్ల ఉండటం వల్ల గీసిన చతురస్రం అంచులు వంకర పోతాయి, దాన్ని సాఫ్ట్‌వేర్‌లో సరిచేయాల్సిందే.

ఇక డీఎండీ. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ 1987లో కనిపెట్టాడు, సినిమా హాళ్ల డిజిటల్ ప్రొజెక్షన్‌ని మార్చేసినందుకు 2015లో ఆయనకు ఆస్కార్ అకాడమీ అవార్డు కూడా ఇచ్చింది. ఫుల్ హెచ్‌డీ చిప్‌లో 20 లక్షలకు పైగా అద్దాలుంటాయి, ఒక్కోటి కొన్ని మైక్రాన్లే. కానీ ఒక్కో అద్దానికి రెండే స్థానాలు, ఎక్కువ చిప్‌లలో ప్లస్ 12 డిగ్రీలు లేదా మైనస్ 12 డిగ్రీలు. మధ్యలో ఏదీ లేదు. అది కాంతిని తిప్పదు, ఏ చుక్క వెలగాలో ఏది ఆరాలో నిర్ణయిస్తుంది. పైగా లేజర్ పెడితే ఆ అద్దాల వరసలు డిఫ్రాక్షన్ గ్రేటింగ్‌లా పనిచేసి కిరణాన్ని ముక్కలు చేసి నాలుగు వైపులా వెదజల్లుతాయి. రెజిన్ త్రీడీ ప్రింటర్, చారల కాంతితో వస్తువుల ఆకారం కొలవడం, మాస్క్ లేకుండా సర్క్యూట్ గీయడం లాంటి పనులుంటే కళ్లు మూసుకుని డీఎండీ తీసుకోండి. కొన్ని చిప్‌లు సెకనుకు 30 వేలకు పైగా నమూనాలు మార్చగలవు, ఆ పనిలో గాల్వో దాని దరిదాపులకు కూడా రాదు.

మెమ్స్‌కి ఎదురే లేని చోట్లు ఏవంటే, కాంతి ఎలాగూ సన్నని ఫైబర్‌లోంచి వచ్చి మళ్లీ ఫైబర్‌లోకే పోయే చోట. గూగుల్ తన డేటా సెంటర్లలో వాడే పాలోమార్ ఆప్టికల్ స్విచ్‌లో 136 దారులను 136 దారులకు కలిపేది ఈ చిన్న అద్దాలే. గూగుల్ ఏఐ పనులకు చేసుకున్న చిప్ టీపీయూ, దాని నాలుగో తరం సూపర్ కంప్యూటర్‌లో 4,096 చిప్‌లను అలాంటి 48 స్విచ్‌లు కలుపుతాయి. ఒక పెట్టెలో వందల గాల్వోలు పెట్టడం ఊహకు కూడా అందదు, పెట్టినా ఆ వేడికి ఏసీ చాలదు. తలకు తగిలించుకునే డిస్‌ప్లేలదీ ఇదే దారి, 2019 నాటి మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ 2 లేజర్‌ని మెమ్స్ అద్దాలతోనే తిప్పింది. కంటికి దగ్గరగా ఉన్న తెరకు పెద్ద అద్దం అక్కర్లేదు, బ్యాటరీ నిలవడమే ముఖ్యం.

డబ్బు దగ్గరికొస్తే, 20 కేపీపీఎస్ (సెకనుకు 20 వేల చుక్కలు) అని అమ్మే చైనా గాల్వో సెట్ డ్రైవర్ బోర్డులతో కలిపి పదివేల అటూ ఇటూ దొరుకుతుంది. మెమ్స్ అద్దం కంట్రోలర్‌తో సహా డెవలప్‌మెంట్ కిట్‌గా కొంటే లెక్క లక్షల్లోకి పోతుంది, పైగా దిగుమతి, కస్టమ్స్, ఎదురుచూపులు. గాల్వో డ్రైవర్‌లో ట్రాన్సిస్టర్ పోతే కోఠి గుజరాతీ గల్లీలో అలాంటిదే వెతికి వేసుకోవచ్చు. మెమ్స్ కడ్డీ విరిగితే బాగుచేసేవాళ్లు ఈ ఊళ్లో కాదు, ఏ ఊళ్లోనూ లేరు.

అయినా మెమ్సే కొంటామంటే, డ్రైవర్ విడిగా కట్టుకుంటామని మాత్రం అనకండి. ఆగి నిలబడే రకానికి ఒక్కసారిగా వోల్టేజీ మార్చితే అది తన సహజ ఫ్రీక్వెన్సీలో చాలాసేపు వణుకుతుంది, హద్దు దాటితే విరుగుతుంది, అందుకే ముందు లో-పాస్ ఫిల్టర్ (వేగంగా మారే సిగ్నల్‌ని ఆపేసే సర్క్యూట్) ఉండాలి, అది ఆపడం మొదలుపెట్టే ఫ్రీక్వెన్సీ, అంటే కటాఫ్, అద్దం రెజొనెన్స్ కంటే బాగా కిందుండాలి. ఏ అద్దమైనా సరే, ఊగడం ఆగిపోయిన క్షణంలో లేజర్ కూడా ఆగిపోయే సర్క్యూట్ పెట్టండి. తిరుగుతున్న కిరణం కంటిమీద క్షణకాలం ఉండి పోతుంది, నిలిచిపోయిన కిరణం ఒకేచోట కాలుస్తుంది, చూసేవాళ్లకు రెప్ప వేసే టైమ్ కూడా ఉండదు.