పోస్టులో వచ్చిన మలపరీక్ష కిట్: ఒక వాడకందారు సమీక్ష

ఇంగ్లండ్‌లో జీపీ (స్థానిక కుటుంబ వైద్యుడు) వద్ద పేరు నమోదై, 50 నుంచి 74 ఏళ్ల మధ్య వయసున్నవారికి ఎన్‌హెచ్ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) రెండేళ్లకొకసారి పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ (లక్షణాలు లేనివారిలో జబ్బును ముందుగా వెతికే పరీక్ష) కిట్‌ను ఉచితంగా ఇంటికి పంపుతుంది. 2006లో అరవై దాటినవారితో మొదలైన ఈ సేవ యాభై ఏళ్లవారి దాకా దిగిరావడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. యాభై మూడో ఏట నాకు అందిన కిట్‌ను, నిజం చెప్పాలంటే, మూడు వారాలు సొరుగులోంచి తీయలేదు. భయం వల్ల కాదు, రోత వల్ల.

తీరా తెరిచి చూస్తే ఆ రోతకు పెద్దగా చోటే లేదని తెలిసింది. బొటనవేలంత ప్లాస్టిక్ సీసా, దాని మూతకే అతికి ఉన్న సన్నని పుల్ల, సూచనల కాగితం, స్టాంపు అక్కరలేని తిరుగు కవరు, అంతే. పుల్ల చివర ఉన్న గాడులు నిండేలా మలాన్ని తాకించి, మూత బిగించి, సీసాపై తేదీ రాస్తే పని ముగిసినట్లే. 2019కి ముందు వాడిన పాత కిట్‌లో మూడు వేర్వేరు రోజుల మలం నుంచి రెండేసి నమూనాలు అట్టపై పూయవలసి వచ్చేది. ఇప్పుడు ఒక్కటి చాలు. మలంలో కంటికి కనిపించని రక్తం కోసం వెతికే, ఫిట్ అనే ఈ కొత్త పరీక్ష మనిషి రక్తంలోని హిమోగ్లోబిన్‌నే గుర్తుపడుతుంది కనుక ముందురోజు మటన్ తిన్నామని బెంగపడనక్కరలేదు.

లోపమల్లా ఆ పుల్లను వాడటానికి ముందున్న ఘట్టంలోనే ఉంది. మలం కమోడ్‌లోని నీటిని తాకకూడదు. దానిని దేనిలో పట్టుకోవాలన్నది మాత్రం మనమే చూసుకోవాలి. నేను కడిగి ఆరబెట్టిన పెరుగు డబ్బాను వాడాను. మగ్గుతో నీళ్లు వాడే అలవాటున్న మన ఇళ్లలో నమూనా తీయడం పూర్తయ్యేదాకా నీటి జోలికి పోకూడదన్న సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఒక మడత అట్టపెట్టెను కూడా కవరులో పెడితే ఈ తంటా తీరిపోయేది.

ఫలితం రెండు వారాల లోపే ఉత్తరంగా వచ్చింది, తదుపరి పరీక్ష అవసరం లేదని. అయితే దీనిని క్యాన్సర్ లేదన్న హామీపత్రంగా చదువుకోకూడదు, ఎందుకంటే పాలిప్‌లు (పేగు లోపలి గోడపై పెరిగే చిన్న బుడిపెలు), కణుతులు రోజూ రక్తం కార్చవు. పైగా ఇంగ్లండ్‌లో చాలా ఏళ్లపాటు గ్రాము మలానికి 120 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్ ఉంటేనే కొలనోస్కోపీకి (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్షకు) పిలిచారు. స్కాట్లాండ్‌లో ఆ హద్దు 80. హద్దు ఎంత ఎక్కువైతే తప్పించుకునే కణుతులు అంత ఎక్కువ కనుక, నా దృష్టిలో ఈ సేవలోని అసలు బలహీనత ఇదే. పెరుగు డబ్బా సంగతి దీని ముందు చిన్నది. కొలనోస్కోపీలో పాలిప్ కనిపిస్తే చాలాసార్లు అక్కడికక్కడే తీసివేయగలరు, అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది కూడా. అందుకే ఏ లక్షణమూ లేనప్పుడు చేయించుకున్న పరీక్షకే విలువ ఎక్కువ. మలంలో రక్తం పడుతున్నా, విరేచనాల తీరు వారాల తరబడి మారినా కిట్ కోసం ఎదురుచూడకుండా నేరుగా జీపీని కలవాలి.

ఈ కిట్ గురించి ఫోనులో చెప్పినప్పుడు విజయవాడలోని మా అన్నయ్య, తనకు ఏడాదిగా అప్పుడప్పుడు రక్తం పడుతోందని, వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతున్నానని, లేదంటే మొలలై ఉంటాయని తేలికగా అన్నాడు. భారతదేశంలో ప్రభుత్వం జనాభా స్థాయిలో నడిపే క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ఉన్నాయి గానీ పెద్దపేగు లేదు. అందువల్ల ఆయనకు ఇలాంటి కవరు ఎన్నడూ రాదు. రక్తం పడుతున్నవారికి ఇది స్క్రీనింగ్‌తో సరిపోయే విషయమూ కాదు. నా బలవంతం మీద వచ్చే సోమవారానికి గ్యాస్ట్రోఎంటరాలజిస్టు (జీర్ణకోశ వైద్యుడు) అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు.