మ్యాడ్ లవ్ కామిక్: జోకర్ అసలు రంగు హార్లీ దగ్గరే బయటపడుతుంది

హనుమకొండలో కాలేజీ పిల్లల టీషర్టుల మీదా, ఫోన్ కవర్ల మీదా బ్యాట్‌మన్ కథల్లో విలన్ అయిన జోకర్, హార్లీ క్విన్‌ల బొమ్మ ఆదర్శ ప్రేమజంటలాగా కనిపిస్తూ ఉంటుంది. ఆ బొమ్మను మోస్తున్నవారు పాల్ డినీ రచించి, బ్రూస్ టిమ్ బొమ్మలు గీసిన ‘మ్యాడ్ లవ్’ను ఒక్కసారైనా చదవాలి. 1992లో బ్యాట్‌మన్ యానిమేషన్ సీరియల్‌లో జోకర్ అనుచరురాలిగా అడుగుపెట్టిన హార్లీకి పూర్వకథ దొరికింది 1994లో వెలువడిన ఈ కామిక్‌లోనే. దీనికి కామిక్స్ రంగంలో ఇచ్చే ఐస్నర్ పురస్కారం కూడా దక్కింది.

ఆర్కమ్ మానసిక చికిత్సాలయంలో కొత్తగా డాక్టరుగా చేరిన హార్లీన్ క్విన్‌జెల్‌కు (తర్వాత హార్లీ క్విన్‌గా మారేది ఈమే) పేరుమోసిన నేరస్థుల గురించి పుస్తకం రాసి ప్రసిద్ధి పొందాలని ఆశ. అక్కడే రోగిగా ఉన్న జోకర్ ఆ ఆశను పసిగట్టి, ఆమె గదిలో ఒక గులాబీని ఉంచి, తండ్రి చేతిలో దెబ్బలు తిన్న బాల్యమంటూ ఒక కథ చెప్పి జాలి పుట్టిస్తాడు. ఇక్కడి నుంచి ఆమె చదువు ఆమెను కాపాడకపోగా, అతని ప్రతి క్రూరత్వానికీ సాకులు వెతికిపెట్టే పనిముట్టుగా మారిపోతుంది. (“కోపమొస్తే అంతే గాని, మనసు మంచిది” అనే మాట మన ఇండ్లలో విననివారు ఎవరు?) అదే బాల్యం గురించి జోకర్ ఒక్కొక్కరికి ఒక్కో కథ చెప్పాడని బ్యాట్‌మన్ బయటపెట్టినా ఆమె నమ్మదు.

పుస్తకానికి ఆయువుపట్టు పిరానా చేపల ఘట్టం. బ్యాట్‌మన్‌ను ఆ మాంసాహార చేపలకు వేసి చంపాలనుకొని, అవి నవ్వలేవన్న కారణంతో జోకర్ వదిలేసిన పథకాన్ని హార్లీ చేపట్టి, బ్యాట్‌మన్‌ను తలకిందులుగా వేలాడదీస్తే అవి అతనికి నవ్వుతున్నట్టే కనిపిస్తాయని తేలుస్తుంది. తనకు చేతకానిది ఆమె సాధించబోతున్నదని తెలిసి వచ్చిన జోకర్, మెచ్చుకోవడానికి బదులు ఆమెను కొట్టి కిటికీలోంచి కిందికి తోస్తాడు. బ్యాట్‌మన్ ఎదుట మహా మేధావిగా నిలబడే ఈ మనిషి, తన జోక్‌ను మరొకరు తనకంటే బాగా చెబితే ఓర్వలేని అల్పుడని ఇంత సూటిగా చూపిన కథ నేను మరొకటి చదవలేదు. గాయాలతో మంచంపై పడి, ఇక అతని మొహం చూడనని తీర్మానించుకున్న హార్లీ, త్వరగా కోలుకోమన్న చీటీతో వచ్చిన గులాబీని చూసి మళ్ళీ కరిగిపోతుంది.

లోపం లేకపోలేదు. కాలేజీలో ఆమె మార్కులు అడ్డదారిలో తెచ్చుకున్నదన్న సూచన అనవసరం. అది జోకర్ నేరాన్ని కొంత తేలిక చేస్తుంది. ఇంగ్లిష్ సులభంగానే ఉంటుంది. అయితే కార్టూన్ బొమ్మలను చూసి చిన్న పిల్లల కోసం కొనకండి. ఇంటర్ దాటినవారికి ఇవ్వవచ్చు.