టోక్యోలో డిజిటల్ కనికట్టు: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

ముందు పైసా ఖర్చు లేనిదాని గురించి చెప్తాను. టోక్యోలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

షింజుకు స్టేషన్ తూర్పు ద్వారం బయట, రోడ్డుకి అవతల ఒక మేడ మీద పెద్ద ఎల్ఈడీ తెర ఉంది. 2021 జూలై నుంచి అందులో ఓ మూడు రంగుల పిల్లి కాపురం ఉంటోంది. ప్రకటనల మధ్యలో వచ్చి ఆవులిస్తుంది, కింద జనాన్ని చూసి మ్యావ్ అంటుంది, పంజా గోడ బయటికి వేలాడేస్తుంది. స్టేషన్ ముందున్న ఖాళీ స్థలంలో నిలబడితే నిజంగానే మీద పడుతుందేమో అనిపిస్తుంది. త్రీడీ కళ్లజోడు ఏమీ అక్కర్లేదు.

కిటుకు తెలియాలంటే అదే ఫుట్‌పాత్ మీద పక్కకు నడుస్తూ పిల్లినే చూడండి. కొంత దూరం పోయేసరికి తల సాగిపోతుంది, పంజా వంకర అవుతుంది. తెర మూల దగ్గర వంపు తిరిగి ఉంటుంది. ఒక ప్రత్యేకమైన చోటు నుంచి చూస్తే సరిగ్గా కనబడేలా బొమ్మను కంప్యూటర్‌లో ముందే వంకర చేసి, ఆ వంపు మీద పరుస్తారు. బొమ్మ చుట్టూ గది అంచులు కూడా గీస్తారు కాబట్టి పంజా ఆ అంచును దాటగానే అది బయటికొచ్చిందని మెదడు తీర్మానించేస్తుంది. అంత దూరాన ఉన్న వస్తువు విషయంలో రెండు కళ్లకూ అందే దృశ్యాల్లో తేడా చాలా తక్కువ. అందుకే మెదడు నీడల మీద, ఏది దేనికి అడ్డొచ్చిందన్న దాని మీద ఆధారపడుతుంది. ఫోన్‌కైతే ఆ తేడా అసలే తెలీదు, అందుకే వీడియోల్లో పిల్లి ఇంకా బాగుంటుంది.

మెయిజీ యూనివర్సిటీ గణిత శాస్త్రవేత్త కోకిచి సుగిహారా పనుల్లోనూ ఇదే సూత్రం. గీతల బొమ్మను కంప్యూటర్ ఎలా అర్థం చేసుకోవాలన్న పరిశోధనలో, అసాధ్యం అనుకునే ఆకారాల్లో కొన్నిటిని నిజంగా తయారు చేయొచ్చని ఆయన కనిపెట్టారు. 2010లో అంతర్జాతీయ భ్రమల పోటీలో ఆయనకు మొదటి బహుమతి తెచ్చిన వీడియోలో బంతులు నాలుగు వాలుల మీద ఎగువకు దొర్లుతాయి. కెమెరా తిప్పితే అన్నీ పల్లానికే పోతున్నాయని తెలుస్తుంది. టోక్యో బయల్దేరే ముందు ఒకసారి చూడండి.

ఇక టికెట్ కొనాల్సినవి. టీమ్‌ల్యాబ్ అనే డిజిటల్ కళాకారుల బృందానికి ఊళ్లో ప్లానెట్స్, బోర్డర్‌లెస్ అని రెండు ప్రదర్శనశాలలున్నాయి. రెండూ ఒకటే అనుకుని ఏదో ఒకటి బుక్ చేసేవాళ్లు మనవాళ్లలో చాలామంది. రెండిటికీ వేళ ఎంచుకుని ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి, రోజును బట్టి ధర మారుతుంది. సుమారు నాలుగు వేల యెన్‌లు, ఒక్కోసారి ఇంకా పైన.

తొయోసు వైపున్న ప్లానెట్స్‌కి షిన్-తొయోసు స్టేషన్‌లో దిగితే ఎదురుగానే. లోపల చెప్పులు, బూట్లు విప్పేయాలి. లాకర్లు ఉచితం. చీకట్లో నీళ్లు పారే వాలు ఎక్కాక, మోకాళ్ల దాకా పాలలాంటి నీళ్లున్న గది వస్తుంది. నీటి మీద వెలుగుతో గీసిన కోయి చేపలు ఈదుతుంటాయి, మన కాలికి తగలగానే పువ్వులైపోతాయి. ఇది ముందే తీసిన వీడియో కాదు, జనం ఎక్కడ నిలబడ్డారో దాన్ని బట్టి కంప్యూటర్ అప్పటికప్పుడు గీస్తుంది. మా తమ్ముడి కొడుకు ఒక్కడే మూలకు పోయి కదలకుండా నిలబడ్డాడు. చేపలు వాడి చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాయి. మిగతా వాళ్లందరికీ ఫోటోల గొడవే.

అద్దాల గదిలో వేలాడే దీపాల తీగలు నాలుగు వైపులా అంతం లేనట్టు కనిపిస్తాయి. కింద కూడా అద్దమే కాబట్టి చీర, స్కర్ట్ వద్దు, మోకాళ్ల దాకా మడవగలిగే ప్యాంట్ వేసుకోండి. లేకపోతే వాళ్లే షార్ట్స్ ఇస్తారు, ఉచితంగానే. కాళ్లు దిగబడిపోయే మెత్తటి నేల గది ఒకటుంది. పిల్లలకు పండగ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నరకం. పెద్దవాళ్లను తీసుకెళ్తే ఈ సంగతి ముందే ఆలోచించుకోండి.

క్యూలో విసుగు పోవడానికి మా తమ్ముడి కొడుక్కి ఫోన్‌లో ‘తిరిగే పాములు’ చూపించాను. క్యోటోలోని రిత్సుమేయికన్ యూనివర్సిటీ సైకాలజీ ప్రొఫెసర్ అకియోషి కితావోకా 2003లో కంప్యూటర్‌లో చేసిన బొమ్మ. కదలని చుట్టలు గిర్రున తిరుగుతున్నట్టు ఉంటాయి.

“అత్తా, ఒకదాన్నే చూస్తే అది ఆగిపోతోంది, పక్కవి తిరుగుతున్నాయి!”

ఎందుకంటే ఆ భ్రమ చూపు అంచునే బాగా పనిచేస్తుంది. నలుపు, నీలం, తెలుపు, పసుపు వరుసగా పేర్చడంలో ఉంది మాయ. కనురెప్ప వేసినప్పుడూ, కన్ను తెలీకుండా చిన్నగా అదిరినప్పుడూ అది మళ్లీ మొదలవుతుందని 2012లో ఒక పరిశోధనలో తేలింది. వీడియోలతో శిక్షణ ఇచ్చిన కృత్రిమ నాడీజాలం (మెదడును పోలిన కంప్యూటర్ ప్రోగ్రామ్) కూడా ఈ నిశ్చల చిత్రాన్ని చూసి తిరుగుతోందనే అంచనా వేసిందని జపాన్ శాస్త్రవేత్తలు 2018లో ప్రకటించారు. యంత్రం కూడా మనలాగే బోల్తా పడిందన్నమాట.

రెండోది బోర్డర్‌లెస్. ఒదైబాలో మూసేశాక 2024 ఫిబ్రవరిలో అజబుదై హిల్స్‌లో మళ్లీ తెరిచారు. మ్యాప్ ఉండదు, బొమ్మలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతుంటాయి. నాకు మాత్రం గంట దాటాక కొంచెం మొనాటనస్‌గా అనిపించింది, జనం కూడా ఎక్కువ. గుర్తుండిపోయింది టీ గది. టీకి వేరే డబ్బులు కట్టాలి. కప్పులో టీ పోయగానే అందులో పువ్వు విచ్చుకుంటుంది, కప్పు ఎత్తితే రేకులు బయటికి చెదిరిపోతాయి, టీ అయిపోతే పువ్వూ ఉండదు. ఆ కప్పు దగ్గర కూర్చున్న కాసేపు బాగుంది. ఒక్కటే చూసే టైమ్ ఉంటే ప్లానెట్స్‌కే వెళ్లండి.

బస మేం నిషి-కసాయ్‌లో తీసుకున్నాం. మన ఐటీ కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట, మా తమ్ముడిదీ అక్కడే. కందిపప్పు దొరుకుతుంది, దోసె దొరుకుతుంది, ఇంటి బెంగ ఉండదు. కయబాచోలో లైన్ మారితే బోర్డర్‌లెస్ దగ్గరి కమియాచోకి సులువుగా పోవచ్చు. అయితే పొద్దున ఆఫీస్ వేళ ఈ పేట మీదుగా పోయే తోజై మెట్రో లైన్ ఎక్కొద్దు, నలిగిపోతారు. హోటల్ గది శుభ్రం, సిబ్బంది మర్యాద బ్రహ్మాండం, గది మాత్రం అగ్గిపెట్టె. సూట్‌కేస్ తెరిస్తే నడవడానికి చోటు లేదు. ఇక్కడ సెమీ డబుల్ అంటే 120 నుంచి 140 సెంటీమీటర్ల మంచం. ఇద్దరుంటే ట్విన్ (రెండు మంచాల గది) అని చూసి తీసుకోండి.

పిల్లలుంటే తకావో కొండ దగ్గర ట్రిక్ ఆర్ట్ మ్యూజియం కూడా పెట్టుకోవచ్చు. షింజుకు నుంచి కెయో లైన్‌లో సుమారు గంట, తకావోసాన్‌గుచి స్టేషన్ పక్కనే. ఇది చేత్తో గీసిన పాత పద్ధతి, ఈజిప్టు అలంకారం. ఎక్కడ నిలబడి చూడాలో వెతుక్కోవడమే ఆట. మావాడు ప్లానెట్స్‌లో కంటే ఇక్కడే ఎక్కువ నవ్వాడు. సీజన్‌ను బట్టి వేళలు మారతాయి, చూసుకుని బయల్దేరండి.