రెండున్నరేళ్ల రోమ్: ఒక నెలవారీ పాసు, రెండు జతల బూట్లు

ఉద్యోగరీత్యా రెండున్నరేళ్లు రోమ్‌లో ఉన్నాను. అన్నాళ్లూ సొంత వాహనం లేదు. పెట్టెలతో విమానాశ్రయానికి వెళ్లవలసిన రెండుసార్లు తప్ప ట్యాక్సీ ఎక్కలేదు. నగరంలో నేను చూసినదంతా కాలినడకన చూసిందే, నడక కుదరని చోట బస్సు, ట్రామ్, మెట్రో. మూడు రోజులకు వచ్చి వెళ్లినవారి అభిప్రాయాలు చాలా చదివాను. కొందరు అక్కడి రవాణాను తిట్టిపోస్తారు, కొందరు దాని అవసరమే లేదంటారు. ఇంతకాలం వాడిన తరువాత నేను రెండు మాటలనూ ఒప్పుకోలేను. చూడదలచిన చోటి గుమ్మం ముందు దింపాలని ఆశిస్తే రోమ్ మెట్రో నిరాశపరుస్తుంది. నడక మొదలుపెట్టే అంచు దాకా తీసుకువెళ్లడానికీ, సాయంత్రం కాళ్లు పీకుతున్నప్పుడు ఇల్లు చేర్చడానికీ మాత్రం అది చక్కగా సరిపోతుంది.

మెట్రో పటం చూస్తే సంగతి అర్థమవుతుంది. టైబర్ నది పడమటికి వంపు తిరిగే చోట, ఆ వంపు లోపల పాంథియన్ అనే ప్రాచీన ఆలయం, పియాత్సా నవోనా, కాంపో దే ఫియోరీ అనే కూడళ్లు వంటివన్నీ గుత్తిగా ఉన్నాయి, కాని వాటి మధ్య ఒక్క మెట్రో స్టేషన్ కూడా లేదు. బి లైను 1955లోనూ, ఏ లైను 1980లోనూ మొదలయ్యాయి. రెండూ ఆ ప్రాంతాన్ని తాకకుండా పక్కనుంచి పోతాయి. అక్కడ ఎక్కడ పార దించినా ఏదో ఒక కాలపు గోడో, బావో, సమాధో బయటపడుతుంది, వెంటనే పని ఆగి పురావస్తు శాఖ వారు దిగుతారు. నేటి వీధులు ప్రాచీన వీధులకు ఎన్నో మీటర్ల ఎత్తున ఉన్నాయి కనుక, సొరంగం లోతుగా పోయినా స్టేషన్‌కు దిగే మెట్లు మాత్రం ఆ శతాబ్దాలన్నిటినీ చీల్చుకునే వెళ్లాలి.

దీన్ని కళ్లారా చూడాలంటే సాన్ జొవాన్ని స్టేషన్‌లో మూడోదైన సి లైనుకు దిగాలి. నేను పిన్యేతో వైపు అద్దెకుండేవాణ్ణి కాబట్టి వారంలో నాలుగైదు రోజులు అక్కడే రైలు మారేవాణ్ణి. 2018లో తెరిచిన ఆ స్టేషన్‌లో ఎస్కలేటర్ దిగుతుంటే, మనం ఎంత లోతున ఉన్నామో, ఆ లోతు ఏ కాలపు నేలో గోడల మీద రాసి ఉంటుంది. తవ్వకంలో దొరికిన వస్తువులను అక్కడే అద్దాల వెనుక పెట్టారు. కుండలు, గొట్టాలు సరే, నన్ను ఆపింది పీచ్ పండ్ల గింజలు. రోమన్ల కాలంలో అక్కడొక తోట ఉండేది. ఆ తోటలో పండిన పండ్ల గింజలు నల్లబడి, ముడతలు కూడా చెరగకుండా, రైలు కోసం పరుగెత్తే జనం పక్కనే ఉన్నాయి. ఈ ప్రదర్శనకు వేరే టికెట్టు అక్కరలేదు, ప్రయాణపు టికెట్టే చాలు. 2025 డిసెంబరులో ఇదే లైనును కొలోసియం దాకా పొడిగించారు. దారిలోని పోర్తా మెత్రోనియా స్టేషన్ తవ్వకంలో రోమన్ సైనికుల నివాసం ఒకటి బయటపడిందని అక్కడ ఉండగానే విన్నాను, కాని స్టేషన్ తెరిచేసరికి నేను తిరిగి వచ్చేశాను. ఆ వెలితి ఇంకా ఉంది.

టికెట్ల విషయం క్లుప్తంగా చెబుతాను. 1.50 యూరోల టికెట్టు 100 నిమిషాలు చెల్లుతుంది. ఆ వ్యవధిలో బస్సులు, ట్రాములు ఎన్నయినా మారవచ్చు, మెట్రోలోకి మాత్రం ఒక్కసారే ప్రవేశం. నెలవారీ పాసు 35 యూరోలు, అంటే 24 ప్రయాణాలు చేస్తే గిట్టుబాటు. అయితే అది కొన్న రోజునుంచి 30 రోజులకు కాదు, క్యాలెండరు నెలకు. ఈ సంగతి తెలియక మొదటి పాసును 19వ తేదీన కొని, నెల మారగానే గేటు తెరుచుకోకపోతే యంత్రం పాడైందని కాసేపు వాదించిన ఘనుణ్ణి నేనే. కాగితపు టికెట్టును బస్సు ఎక్కగానే యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. టికెట్టు జేబులోనే ఉందని నిశ్చింతగా కూర్చున్న నా సహోద్యోగి తనిఖీలో 50 యూరోలకు పైగా జరిమానా కట్టాడు.

బస్సుల మీద నా ఫిర్యాదు ఒకటుంది. స్టాపు స్తంభం మీద ఆ బస్సు ఆగే చోట్ల పేర్లన్నీ వరుసగా ఉంటాయి గాని, ఎన్ని గంటలకు వస్తుందన్నది చాలాచోట్ల ఉండదు. ఇరవై నిమిషాలు ఎదురుచూశాక ఒకే నంబరువి రెండు వెనువెంటనే రావడం మామూలే. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను: పోవలసిన దూరం రెండు కిలోమీటర్ల లోపైతే బస్సు కోసం నిలబడను. కొలోసియం నుంచి పియాత్సా వెనేత్సియాకు కిలోమీటరు దూరమైనా ఉండదు, అక్కడినుంచి పాంథియన్ పది నిమిషాల నడక. సమ్మెల సంగతి వేరు. సమ్మె అని అర్థమిచ్చే 'షోపెరో' అన్న మాట నేను నేర్చుకున్న మొదటి పది ఇటాలియన్ మాటల్లో ఒకటి. అవి చాలావరకు ముందే ప్రకటించి చేసేవి, తరచు శుక్రవారాల్లో వస్తాయి. సమ్మె రోజున కూడా ఉదయం 8.30 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా బండ్లు నడపాలన్న నిబంధన ఉంది కనుక, పొద్దున్నే దూరపు అంచుకు చేరి, రోజంతా నడిచి, సాయంత్రం ఆ మూడు గంటల్లో తిరిగి వచ్చేస్తే సరిపోతుంది. నా మంచి నడకల్లో కొన్ని సమ్మె రోజుల్లో చేసినవే.

అంచున దిగి లోపలికి నడవడం అనే పద్ధతికి పోర్తా మజ్జోరే అనే కూడలి మంచి ఉదాహరణ. అక్కడ ట్రాములు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నట్టు వంపు తిరుగుతాయి, జనం బండి మారి వెళ్లిపోతారు, యాత్రికులు దాదాపు ఆగరు. ద్వారంలా కనిపించేది నిజానికి క్లాడియస్ చక్రవర్తి కాలపు నీటి కాలువలను రోడ్డు మీదుగా దాటించిన వంతెన. పక్కకు వెళ్లి తలెత్తి చూస్తే, ఒకదానిమీద ఒకటి రెండు కాలువలు కోసి చూపినట్టుగా కనిపిస్తాయి. దాని కాళ్ల దగ్గర యురిసాసెస్ అనే రొట్టెల వ్యాపారి సమాధి ఉంది. గోడనిండా గుండ్రటి పెద్ద రంధ్రాలు, పైన పిండి విసరడం, కలపడం, రొట్టెలు కాల్చడం వరుసగా చెక్కిన బొమ్మలు. క్రీస్తు పూర్వపు వ్యాపారి ఒకడు తన పనిని ఇంత గర్వంగా చెప్పుకున్న చోటు ట్రామ్ జంక్షన్ మధ్యలో ఉందంటే, ఎక్కి కూర్చుని కిటికీలోంచి చూస్తూ పోవడం నాకు మనసొప్పేది కాదు.

ఆప్పియా అనే ప్రాచీన రోమన్ రహదారికి 118 నంబరు బస్సు వెళుతుంది. నగర ద్వారం దగ్గర దిగి మొదటినుంచీ నడవాలన్న ఉత్సాహం మాత్రం వద్దు. మొదటి భాగంలో కాలిబాట లేదు, రెండు గోడల మధ్య కార్లు భుజాలను రాసుకుంటూ పోతాయి. ఆ భాగాన్ని బస్సులోనే దాటేసి, సెసీలియా మెతెల్లా అనే రోమన్ స్త్రీ సమాధి అవతల నడక మొదలుపెడితే పెద్ద పెద్ద రాతిపలకలు, వాటి మీద చక్రాలు అరగదీసిన గాడులు కనిపిస్తాయి.

నడకకు కావలసినవి రెండే: నీళ్లు, బూట్లు. నీళ్లకు కొదవ లేదు. 1874 నుంచి వీధుల్లో పెడుతూ వచ్చిన 'నజోనీ' అనే ఇనుప కుళాయిలు రెండువేలకు పైగా ఉన్నాయి. వంగిన గొట్టం పెద్ద ముక్కులా ఉంటుంది కనుక ఆ పేరు. గొట్టం చివర వేలు అడ్డం పెడితే, వంపు మీదున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగవచ్చు. ఈ కిటుకు నాకు ఒక చిన్న పిల్ల నేర్పింది, అదీ నా చొక్కా తడిపి. బూట్ల సంగతి అలా కాదు. 'సంపియెత్రీనీ' అనే నల్లరాతి దిమ్మెలు పరిచిన వీధులు ఎండలో మడమలను నొప్పిస్తాయి, వానలో మనిషినే పడేస్తాయి. పలచటి అడుగున్న బూట్లతో మొదటి వేసవి గడిపి, రెండో జత కొన్నాక గాని నాకు బుద్ధి రాలేదు. వాన పడిన రోజున మాత్రం జారుతూ అయినా పాంథియన్‌కు వెళ్లాలి. కప్పు నడుమ దాదాపు తొమ్మిది మీటర్ల వెడల్పున్న రంధ్రంలోంచి వాన నేరుగా లోపల పడి, నేలలోని చిన్న చిన్న కన్నాల్లోకి ఇంకిపోతుంది. 2023 జూలై నుంచి లోపలికి 5 యూరోల టికెట్టు పెట్టారు, అయినా సరే.

ఈ పద్ధతి అందరికీ నప్పుతుందని చెప్పను. చంటిపిల్లల బండి తోసేవారికి, చక్రాల కుర్చీ వాడేవారికి ఆ రాళ్ల వీధులు నరకమే, మెట్రోలో లిఫ్టు పనిచేయని రోజులూ ఉంటాయి. అరవై దాటిన మా అమ్మానాన్నలు పదిరోజులకు వచ్చినప్పుడు నా లెక్కలన్నీ మార్చుకున్నాను. రోజుకు ఒకే పేట, ఎత్తైన చోటికి బస్సులో ఎక్కి కిందికి నడిచి రావడం, గంటకొకసారి కూర్చోవడం. ఫోరీ ఇంపెరియాలీ వీధిని ఆదివారం నాటికి అట్టిపెట్టాను, ఆ రోజు అక్కడికి కార్లను రానివ్వరు. 1932లో ముస్సోలినీ పాత పేటలను కూల్చి, వాటి మీదుగా వేయించిన ఆ వెడల్పాటి రోడ్డు మధ్యలో నాన్నగారు చేతులు వెనక్కి కట్టుకుని తాపీగా నడుస్తుంటే, అమ్మ ప్రతి కుళాయి దగ్గరా ఆగి, సగం నిండి ఉన్న సీసానే మళ్లీ నింపింది.