గ్లూటరాల్డిహైడ్ 25%, సీల్డ్ ఆంప్యూల్: అయిదుకి నాలుగు స్టార్లు

ప్రోటీన్ అణువులను ఒకదానికొకటి ముడివేసే రసాయనం ఇది. కొన్నది 10 మి.లీ. ఆంప్యూల్ (మూతి విరిచి వాడే గాజు గొట్టం), ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ గ్రేడ్. వాడింది అందులో అర చెంచా కూడా కాదు. అయినా మళ్లీ కొంటాను.

నా పని ఆవు ట్రిప్సిన్ క్రిస్టల్స్‌తో, వాటి మీద ఎక్స్-రే వేసి అణువు ఆకారం చూడటం. ప్రోటీన్లను కోసే ఎంజైమ్ కదా, ఊరికే వదిలేస్తే తనను తానే కోసేసుకుంటుంది. అందుకని బెంజమిడిన్ అనే చిన్న అణువుతో దాని నోరు కట్టేసి క్రిస్టల్స్ పెంచుతాం. తీరా పెరిగాక ఆ బెంజమిడిన్‌నే ఊడదీసి, అదే చోట మన కాంపౌండ్ కూర్చోబెట్టాలి. చిక్కంతా అక్కడే. నిరుడు బెంజమిడిన్ లేని ద్రావణంలోకి మార్చిన క్రిస్టల్స్‌లో చాలావరకు పది నిమిషాల్లో బీటలు వారాయి. బతికినవాటికి డేటా తీస్తే బెంజమిడిన్ కదలకుండా అక్కడే ఉంది.

గ్లూటరాల్డిహైడ్ ప్రోటీన్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లాల అమైన్ గ్రూపులను పట్టుకుని పక్కపక్క అణువులకు ముడి వేస్తుంది. కార్బాక్సీపెప్టిడేజ్ అనే మరో ఎంజైమ్ క్రిస్టల్స్ మీద కియోచో, రిచర్డ్స్ 1964లోనే ఈ పని చేశారు. నేను అనుసరించింది 1999లో లస్టీ చెప్పిన మెత్తటి పద్ధతి: క్రిస్టల్స్ ఉన్న డ్రాప్‌లో పోయకుండా, మూసిన వెల్‌లో (ప్లేటులోని గుంటలో) బుల్లి గిన్నెలాంటి మైక్రోబ్రిడ్జ్ మీద అయిదు మైక్రోలీటర్లు ఉంచితే ఆవిరే డ్రాప్‌లోకి చేరుతుంది. బెంజమిడిన్ లోపల ఉండగానే ముడి పడాలి. దాన్ని పట్టుకున్నది ట్రిప్సిన్‌లోని 189వ అమైనో ఆమ్లం అస్పార్టేట్, లైసిన్ కాదు. కాబట్టి బెంజమిడిన్ కూర్చున్న ఆ జేబు జోలికి గ్లూటరాల్డిహైడ్ పోదు.

మొదటి ఆంప్యూల్ మాత్రం నా తెలివితక్కువకే బలి. క్రిస్టల్స్ అమ్మోనియం సల్ఫేట్‌లో ఉన్నాయి, వచ్చిన ఆవిరినంతా అమ్మోనియానే తినేసింది. ట్రిస్ బఫరైనా అంతే, దానిలోనూ అమైన్ ఉంది. పెగ్ (పాలిఇథిలీన్ గ్లైకాల్), హెపెస్ బఫర్‌లోకి మార్చాకే పని జరిగింది.

టైమ్ దగ్గర పాకం పట్టినట్టే ఉండాలి. ఇరవై నిమిషాలకి లేతపాకం, మళ్లీ బీటలే. రెండు గంటలుంచితే ముదిరి పసుపెక్కింది, డిఫ్రాక్షన్ (ఎక్స్-రే చుక్కల నమూనా) మసకబారింది. నలభై నిమిషాల దానిని మామూలు నీళ్లలో పడేశాను, కరగలేదు! అలాంటివాటికే ద్రావణం మూడుసార్లు మార్చి, రాత్రంతా ఉంచి, తర్వాత కొత్త కాంపౌండ్‌లో నానబెట్టాను. ఎక్స్-రే డేటా నుంచి గీసిన ఎలక్ట్రాన్ మ్యాప్‌లో బెంజమిడిన్ జాడ లేదు, కొత్తది స్పష్టంగా కనిపించింది. రిజల్యూషన్ 1.6 నుంచి 1.9 ఆంగ్‌స్ట్రామ్‌లకు పడిపోయింది (ఇక్కడ అంకె పెరిగితే స్పష్టత తగ్గినట్టు). పోతే పోయింది.

చవక సీసా చాలదా అంటారేమో. నిలవ ఉంటే గ్లూటరాల్డిహైడ్ తనలో తనే గొలుసులు కట్టుకుంటుంది. మా అల్మరాలోని పాత సీసాని స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూస్తే 280 నానోమీటర్ల దగ్గర ఉండాల్సిన శిఖరం కంటే 235 దగ్గరి చెత్తే ఎత్తుగా ఉంది. ఆంప్యూల్‌లో 235 దాదాపు చదును.

ఒక స్టార్ కోత ఎందుకంటే, చిటికెడు తిరగమోతకి బస్తా ఆవాలు కొన్నట్టు ఈ 10 మి.లీ. పైగా సీల్ విరిచాక నిలవుండదు. పెట్టె మే నెలలో కరిగిన ఐస్ ప్యాక్‌తో వచ్చింది, అది తెచ్చినవాళ్ల తప్పు. ఘాటుకి కళ్లు మండుతాయి, ఫ్యూమ్ హుడ్ బయట విరవకండి. మిగిలింది పై అంతస్తు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వాళ్లకి ఇచ్చేస్తున్నాను. ఇప్పుడు వాళ్లే వచ్చి "ఎప్పుడు విరుస్తున్నావ్?" అని అడుగుతున్నారు.