క్యూఈఎంయూలో వీఎఫ్ఐఓ హాట్‌ప్లగ్: డివైస్ చేర్చడం సులువు, ర్యామ్ చేర్చేటప్పుడే గండం

నడుస్తున్న వర్చువల్ మెషీన్‌కు (వీఎం) నెట్‌వర్క్ కార్డో ఎన్‌వీఎంఈ డిస్కో పాస్‌త్రూలో, అంటే అసలు హార్డ్‌వేర్‌నే నేరుగా అప్పగించే పద్ధతిలో, ఆపకుండానే తగిలించడానికి (హాట్‌ప్లగ్) వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్ క్యూఈఎంయూ నమ్మదగ్గదే. ఆ అప్పగింతకు అది లైనక్స్ కెర్నెల్‌లోని వీఎఫ్ఐఓను వాడుతుంది. క్యూ35 మెషీన్‌లో (క్యూఈఎంయూ అనుకరించే పీసీఐఈ మదర్‌బోర్డు రకం) ఖాళీ పీసీఐఈ రూట్ పోర్టులను మాత్రం ముందే పెట్టుకోవాలి. రూట్ బస్సు మీద నేరుగా హాట్‌ప్లగ్ కుదరదు.

మొదటి డివైస్ రాగానే వీఎం ర్యామ్‌లో మార్పులను గమనించే మెమరీ లిజనర్ రిజిస్టరై, అప్పటికే ఉన్న ర్యామ్ రీజియన్లన్నిటినీ ఐఓఎంఎంయూలో (డివైస్‌లు ఏ మెమరీని తాకవచ్చో నిర్ణయించే హార్డ్‌వేర్) మ్యాప్ చేయిస్తుంది. గెస్ట్ (వీఎం లోపలి సిస్టమ్) ర్యామ్ మొత్తం పిన్ అయ్యేది, అంటే హోస్ట్ మెమరీలో కదలకుండా బిగుసుకునేది, ఇక్కడే. పెద్ద వీఎం అయితే కాసేపు ఆగినట్టు అనిపిస్తుంది. హ్యూజ్‌పేజీలు (పెద్ద సైజు మెమరీ పేజీలు), ముందస్తు కేటాయింపు ఉంటే ఆ జాప్యం తగ్గుతుంది. అదే కంటైనర్‌లోకి (ఒకే మ్యాపింగ్‌లను పంచుకునే వీఎఫ్ఐఓ డివైస్‌ల గుంపు) వచ్చే రెండో డివైస్‌కు ఈ తతంగం ఉండదు. మ్యాపింగ్ కుదరకపోతే డివైస్‌ను చేర్చే డివైస్_యాడ్ కమాండ్ ఎర్రర్ చెప్పి వెనక్కి తగ్గుతుంది, వీఎంకు ఏ ఢోకా లేదు.

పాస్‌త్రూ డివైస్ ఉన్న వీఎంకు పీసీ-డిమ్ (అదనపు ర్యామ్ మాడ్యూల్) చేర్చినప్పుడు కథ వేరు. కొత్త రీజియన్ కూడా అదే లిజనర్ ద్వారా మ్యాప్ అవుతుంది. మెమ్‌లాక్ పరిమితి (ప్రాసెస్ ఎంత మెమరీని పిన్ చేయొచ్చో చెప్పేది) చాలకపోతే కెర్నెల్ ఈనోమెమ్ (మెమరీ చాలదనే ఎర్రర్) అంటుంది, క్యూఈఎంయూ మొత్తం ప్రాసెస్‌నే అబార్ట్ చేసేస్తుంది. డివైస్‌కు కనిపించని ర్యామ్‌ను గెస్ట్‌కు ఇవ్వలేరు, నిజమే. అయినా చేర్చడాన్ని తిరస్కరించాల్సిన చోట వీఎంనే చంపడం మొరటు పద్ధతి. వీఎంలను నిర్వహించే లిబ్‌వర్ట్ వాడితే పరిమితిని అదే పెంచుతుంది. నేరుగా క్యూఈఎంయూ నడిపేవాళ్లు ముందు ప్రాసెస్ స్టేటస్‌లో వీఎంలాక్ (VmLck, ఇప్పటికే లాక్ అయిన మెమరీ) విలువ చూసి, దానికి కొత్త డిమ్ సైజు, పైన 1 జీబీ కలిపి పీఆర్‌లిమిట్ కమాండ్‌తో పరిమితిని అంతకు పెంచాలి. ఆ తర్వాతే మెమరీని సృష్టించే ఆబ్జెక్ట్_యాడ్, దాన్ని వీఎంకు తగిలించే డివైస్_యాడ్. స్లాట్లు (డిమ్‌ల సంఖ్య), మ్యాక్స్‌మెమ్ (గరిష్ఠ ర్యామ్) బూట్‌లోనే ఇచ్చి ఉండాలి, లేదంటే డిమ్‌కు చోటే ఉండదు.

ర్యామ్‌ను తరచూ పెంచి తగ్గించేవాళ్లకు వర్టియో-మెమ్ (ర్యామ్‌ను బ్లాకులుగా చేర్చి తీసే డివైస్) మేలు. ప్లగ్ అయిన బ్లాకులే మ్యాప్ అవుతాయి. ఒకటి విఫలమైతే ఆ కోరిక వరకే వెనక్కి పోతుంది, వీఎం బతికే ఉంటుంది. చిక్కల్లా బ్లాక్ సైజుతోనే. విడిగా తీసేయడానికి వీలుగా బ్లాకుకో మ్యాపింగ్ పెడతారు, వీఎఫ్ఐఓ టైప్1 డ్రైవర్‌లో మ్యాపింగ్‌ల డిఫాల్ట్ పరిమితి 65,535. 2 ఎంబీ బ్లాకులతో 128 జీబీ అంటే 65,536: సరిగ్గా ఒకటి ఎక్కువ! బ్లాక్ సైజు 16 ఎంబీ పెడితే 8,192తో సరిపోతుంది.

చేర్చినదాన్ని తీసేటప్పుడు డివైస్_డెల్ కమాండ్ వెంటనే తిరిగొస్తుంది గానీ పని అప్పటికి కాదు, గెస్ట్ ఒప్పుకోవాలి. డివైస్_డిలీటెడ్ ఈవెంట్ వచ్చాకే ఆబ్జెక్ట్_డెల్ (మెమరీ ఆబ్జెక్ట్‌ను తీసేసే కమాండ్) ఇవ్వండి. బెలూన్‌ను (గెస్ట్ నుంచి ర్యామ్ వెనక్కి తీసుకునే డివైస్) మాత్రం పాస్‌త్రూతో నమ్ముకోవద్దు: పిన్ అయిన పేజీలను హోస్ట్‌కు తిరిగి ఇవ్వకుండా క్యూఈఎంయూయే ఆపేస్తుంది.