ఆటోనగర్‌లో నిజాయితీగల ఆటో ఎలక్ట్రీషియన్

విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ఎలక్ట్రికల్ షెడ్ ఇది. వేరేచోట సెంట్రల్ లాకింగ్ రిపేర్ చేయించాక మా పాత స్విఫ్ట్‌లో డ్రైవర్ డోర్ తీస్తే లోపలి లైటు వెలగడం మానేసింది. మిగతా డోర్లు తీస్తే వెలుగుతోంది. ఆ రిపేర్ చేసినవాళ్లు వైరింగ్ మొత్తం మార్చాలని టెన్షన్ పెట్టారు.

ఇక్కడి మేస్త్రి ముందు లైటు స్విచ్‌ను ఆన్‌లో పెట్టి చూశాడు. వెలిగింది. "బల్బూ ఫ్యూజూ బాగున్నాయండి, డోర్ స్విచ్ దగ్గరే ఉంది తేడా" అన్నాడు. లైటు స్విచ్‌ను మళ్లీ 'డోర్' దగ్గర పెట్టి, డోర్ ఫ్రేములో ఉన్న స్విచ్ స్క్రూ విప్పి, దాని వైరు కొసను బాడీ ఇనుముకు తాకించాడు. టక్కున లైటు వెలిగింది! వైరు బాగానే ఉందన్నమాట. ఆ స్విచ్‌కు ఎర్తు, అంటే కరెంటు బాడీలోకి తిరిగి వెళ్లే దారి, అందేది స్క్రూ ద్వారానే. పాతది పోయి సన్న స్క్రూ బిగించారు, అది పట్టులేక ఊగుతోంది. రంధ్రం చుట్టూ తుప్పు గీకి సరైన స్క్రూ వేశాడు. 150 రూపాయలు తీసుకున్నాడు. కొత్త స్విచ్ అమ్మచూడలేదు, అది నాకు బాగా నచ్చింది.

కూర్చోడానికి చోటు లేదు, ఎండలోనే నిలబడాలి. బిల్లు అడిగితేనే రాసిస్తాడు. అయినా పని కళ్లముందే చేస్తూ, ఏది ఎందుకు విప్పుతున్నాడో చెప్తాడు. ఇలాంటి సమస్యకు ఉదయాన్నే వెళ్లండి, పది దాటితే రద్దీ.